నలభై ఒకటో మేకు

మా నాయన ఎర్రిస్వామి ముప్పై నాలుగేళ్ళలో పదకొండు వందల బోర్లు వేశాడు. అందులో నీళ్ళు పడినవి మూడు వందలు దాటవు. మాది అనంతపురం జిల్లా కాబట్టి ఆ లెక్క విని ఎవరూ ఆయన్ని తప్పు పట్టరు. తొమ్మిది వందల అడుగులు దిగినా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాని బోరు పక్కన రైతు తల పట్టుకొని కూర్చుంటే, నాయన కూడా పోయి ఆయన పక్కనే కూర్చునేవాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు. నీళ్ళు పడిన రోజు మాత్రం లారీ హారను ఊరి మొదట్లోనే మొదలయ్యేది.

నీళ్ళు పడిన బోరుకు ఒక మర్యాద ఉంది. ముందు పసుపు కుంకుమ చల్లి టెంకాయ కొట్టాలి. తర్వాత కంప్రెసరుతో గంటసేపు లోపలికి గాలి కొట్టి, బురదంతా బయటికి చిమ్మించి, నీటికి దారి బాగా తెరుచుకునేలా కడగాలి. దీన్ని ఫ్లషింగ్ అంటారు. ఆ గంటా రైతూ, ఆయన పెళ్ళాం బిడ్డలూ, చూడవచ్చిన వాళ్ళూ తడుస్తూ నిలబడతారు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. నీళ్ళు పడిన బోరును మూయకూడదు. ఎండిన బోరు మీద బండ పెట్టవచ్చు, నీళ్ళున్న దాని మీద పెడితే పాపం. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆయన్ని హిమాలయాలకు తీసుకుపోయి, నీళ్ళు తగిలితే మూసేయమని కాగితం రాసి చేతిలో పెట్టాను. నా తెలివికి నేనే జోహారు చెప్పుకోవాలి.

నా పేరు వన్నూరమ్మ. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో హిమానీనదాల మీద పని చేసేదాన్ని. హిమానీనదం చూడ్డానికి కదలని కొండలా ఉంటుంది కానీ రోజూ నడుస్తుంది. కొంత తన బరువుకు తానే సాగుతుంది. మిగతాది అడుగున, మంచుకీ రాతికీ మధ్య ఊరే నీటి పొర మీద జారుతుంది. ఆ నీటి పొరను గడ్డకట్టిస్తే మంచు రాతికి అతుక్కుంటుంది కదా అన్నది నా ఆలోచన. ఆరేళ్ళు దాన్నే పట్టుకొని వేలాడాను.

మా డైరెక్టరు డాక్టర్ వేదాచలం గారికి మొదటిసారి చూపించింది మే నెల ఎండలో, ప్రయోగశాల మిద్దె మీద. షాబాదు బండను వాలుగా నిలిపి, పైన పెద్ద మంచు దిమ్మ పెట్టాను. అది కరుగుతూ తన నీటి మీద తానే జారుతోంది. దిమ్మకు చేసిన బెజ్జంలోంచి వేలెడు లావు గొట్టాన్ని బండకు తగిలేదాకా దించాను. గొట్టంలో ఉన్న బూడిదరంగు పొడి కింది వేడిని తాగి, పైకొస నుంచి ఆకాశంలోకి వదిలేస్తుంది. కరెంటు అక్కర్లేదు, ఎండనీ వాననీ చూడదు. నాలుగు నిమిషాల్లో దిమ్మ ఆగిపోయింది. వేదాచలం గారు చొక్కా చేతులు మడిచి రెండు చేతులతో తోశారు. కదల్లేదు.

"ఏమ్మా, నదికి మేకు కొట్టేశావే!" అన్నారు. చలిమేకు అన్న పేరు అలా వచ్చింది.

మేకులు కొట్టాల్సిన చోటు హిమాచల్‌లో ఒక ఇరుకు లోయ. పేరు షుమ్లింగ్. ఇరవై మూడు ఇళ్ళ ఊరు. ఊరి నెత్తిన ఒక హిమానీనదం నాలుక చాపుకొని వేలాడుతోంది. దాని చివర నుంచి రోజూ లారీ అంత ముక్క విరిగి కింద పడుతుంది. అది కొత్త కాదు, తాతల నాటి నుంచీ ఉన్నదే. కానీ నడక ఏటేటా పెరుగుతోంది. ఇలాగే పెరిగితే ఏదో ఒక ఏడు మొత్తం నాలుక తెగి ఊరి మీద పడుతుంది. దాన్ని నిలబెట్టాలంటే నలభై మేకులు నాలుగు వందల అడుగుల మంచును దాటి, అడుగు రాతిలో ఇంకో ఆరడుగులు దిగాలి.

అక్కడే అందరూ చేతులెత్తేశారు. హిమానీనదం అడుగున ఉండేది ఉత్త మంచు కాదు, రాళ్ళూ గుండ్లూ మంచూ కలిసిన ముద్ద. రెండు విదేశీ యంత్రాలు తొలిచే మొనలు విరిగి కూర్చున్నాయి. అప్పుడు నేను నాయనకు ఫోను చేశాను. ఆయన తన బోరు రిగ్గును విప్పించి, హెలికాప్టరులో ముక్కలు ముక్కలుగా ఎక్కించి, రాయదుర్గం పనివాళ్ళు ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చాడు. మూడో రోజుకు మొదటి మేకు దిగింది.

పని లేనప్పుడు నాయన మంచు వదిలిపెట్టిపోయిన నున్నటి రాతి గోడల దగ్గర తిరిగేవాడు. మంచు తన అడుగున ఇరికిన రాళ్ళతో ఆ గోడలను గీరుకుంటూ పోయింది. ఒకదాని పక్కన ఒకటి బారెడు పొడవు లోతు చారలు. ఆయన ఆ చారల్లో వేళ్ళు పెట్టి నడిచేవాడు.

"ఇది కూడా డ్రిల్లరే పాపా," అన్నాడు ఒకసారి. "మనకి తొందర, దీనికి లేదు. అంతే తేడా."

ఊరి పెద్ద యాంగ్జోమ్ అనే ఆవిడ. అరవై దాటిన మనిషి, మాట పొదుపు. ఊరున్న దిబ్బ కూడా ఒకప్పుడు మంచు తోసుకొచ్చి వదిలిన రాళ్ళ కట్టేననీ, వాళ్ళ బార్లీ చేలలోని మట్టి మంచు నూరిన రాతిపిండేననీ నాకు ఆవిడే చూపించింది. నేను పుస్తకంలో చదివిన సంగతి ఆవిడ కాలి కింద ఉంది. "అది మాకు ఊరు ఇచ్చింది. ఇప్పుడు తీసుకుంటానంటోంది. నువ్వు వద్దని చెప్పగలవా?" అని అడిగింది. చెప్పగలనన్నాను.

ఆవిడ తమ్ముడు నోర్బు. కరిగిన నీళ్ళు ఏరులోంచి కాలువకు మళ్ళే చోట తూము ఉంది. దాన్ని ఎత్తి దించి, ఎవరి చేనుకు ఎంతసేపు నీళ్ళో చూసే పని అతనిది. ఈ సంగతి తెలిసిన రోజు నాయన మొహం వెలిగిపోయింది. "అంటే మన నీరుగంటి!" అన్నాడు. మా వైపు చెరువు నీళ్ళు పంచేవాణ్ణి అలాగే అంటారు. ఆ రోజు నుంచి నోర్బు పేరు నీరుగంటే. నాయనది గుంతకల్లు మెకానిక్కుల దగ్గర నేర్చుకున్న హిందీ, నోర్బుది కొండ హిందీ. ఇద్దరూ తూము గట్టు మీద కూర్చొని గంటల తరబడి ఏం మాట్లాడుకునేవారో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు.

మేకులు గెలిచాయి. రోజుకు మూరెడు నడిచే మంచు రెండు వేళ్ళ వెడల్పుకు దిగింది. చివర విరిగిపడే ముక్కలు ఆగిపోయాయి. పేపర్లు నన్ను నెత్తిన పెట్టుకున్నాయి. వేదాచలం గారు ఇంకో పదకొండు హిమానీనదాల పేర్లు రాసి గోడకు అంటించారు. ఆ గోడ ముందు నేను ఫోటో కూడా దిగాను.

రెండో ఎండాకాలం నోర్బు ఒక మాట అడిగాడు. "తూము దగ్గర నీళ్ళు తగ్గాయి. ఎందుకు?"

"మంచు జారడం తగ్గింది కదా, రాపిడి తగ్గి కరగడమూ తగ్గింది," అన్నాను గొప్పగా.

నాయన నమ్మలేదు. "ఎండ పోయినేడు మాదిరే ఉండాదే. మరి నీళ్ళు యాడికి పోతాండాయి?"

"నాయనా, ఇది బోరు కాదు," అని నవ్వాను. ముప్పై నాలుగేళ్ళు నీళ్ళు యాడికి పోతున్నాయా అని వెతికిన మనిషిని చూసి నవ్వాను.

నలభై ఒకటో మేకు నేను తర్వాత కలిపింది. వరస పైభాగాన ఇంకొకటి ఉంటే పట్టు గట్టిపడుతుందని లెక్క వచ్చింది. జూలైలో పని మొదలైంది. అడుగు నీరు ఎక్కడైనా చిన్న గుంటగా నిలిచి ఉంటే తగలవచ్చునని కాగితం మీద రాసి ఇచ్చాను. "నీరు తగిలితే వెంటనే ఆపాలి. మేకు దింపి మూసేయాలి." నాయన రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు కాదని కూతురిగా నాకు తెలియాలి.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను యాంగ్జోమ్ ఇంట్లో ఉప్పు టీ తాగుతున్నాను. నోర్బు కూడా ఉన్నాడు. వాకీటాకీ గరగరమంది.

"పాపా! నీళ్ళు పడినాయి పాపా!" నాయన గొంతు. హారను కొట్టుకుంటూ ఊళ్ళోకి వచ్చే రోజుల గొంతు. "మూడు వందల డెబ్బై అడుగులకి పడినాయి! తాటిచెట్టంత ఎత్తు లేస్తాండాయి, పాల మాదిరి!"

"ఆపినావా? మేకు దింపినావా?"

గరగర వెనక కంప్రెసరు మోత వినిపించింది.

"ఫ్లషింగ్ చేసినాము. గంటైతాండాది. దింపుదామనే అనుకుంటి పాపా. బోరు మీద మూత పట్టుకోని నిలబడితి. అన్ని నీళ్ళని సూసి చేతులు రాలే."

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. ఒక్కో మేకు పట్టు ఎలా ఉందో తెర మీద ఒక్కో గుర్తు చూపిస్తుంది. కంప్రెసరు గాలి నీళ్ళను పైకి చిమ్మడంతో ఆగలేదు. నాలుగు పక్కలా, మంచుకీ రాతికీ మధ్య సందుల్లోకి నెట్టింది. పై వరస మేకుల గుర్తులు ఎర్రబడుతున్నాయి. వాటి అడుగున గడ్డకట్టిన పొర విడిపోతోంది. కింది ముప్పై మేకులు మాత్రం పట్టు వదల్లేదు. పై మంచు జారి వచ్చి కింది మంచు మీద ఆనుకుంటోంది.

"రిగ్గు వదిలేసి పక్క గట్టు మీదికి ఎక్కు నాయనా, ముగ్గురూ ఎక్కండి," అని అరిచి, యాంగ్జోమ్‌కు చెప్పాను. ఆవిడ మారు ప్రశ్న వేయకుండా బయటికి పోయి పళ్ళెం మీద గరిటెతో కొట్టింది. ఊరు ఎదుటి వాలు మీదికి కదలడం మొదలుపెట్టింది. అలా కదలడం వాళ్ళకు మేమే ఆరుసార్లు నేర్పించాం.

ఆవిడ లోపలికి తిరిగివచ్చేసరికి నోర్బు పార భుజాన వేసుకొని నిలబడ్డాడు. "ఎంత టైముంది?"

తూము తెరిచి ఉంది. పైనుంచి వరద వస్తే నేరుగా కాలువలో పడి ఊరి మధ్యకు వస్తుంది. దించాలంటే అరగంట ఎక్కాలి, అరగంట దిగాలి.

"సాయంత్రం దాకా ఉంది," అన్నాను. "మేకులు పట్టి ఉంచుతాయి."

తెర వైపు ఇంకోసారి చూసి ఉంటే అనేదాన్ని కాదు. చూడలేదు. ఆ మేకుల మీద నాకు అంత నమ్మకం. నోర్బు తల ఊపి వెళ్ళాడు.

ఒంటి గంట కాకముందే మంచు తెగింది. కాళ్ళు కట్టేసిన మనిషిని వెనకనుంచి ఊరంతా తోసినట్టు, సరిగ్గా పట్టు వదలని మేకుల దగ్గర నడుము విరిగింది. ముందు అడ్డంగా ఒక నీలం గీత కనిపించింది. తర్వాత ఆ గీత వాకిలంత అయింది. ఎదుటి వాలు మీదున్న మాకు చప్పుడు ఆలస్యంగా వచ్చింది. మంచు దిమ్మలూ బండలూ పాలలాంటి నీళ్ళూ కలిసి లోయలోకి దిగాయి. ఏడు ఇళ్ళు పోయాయి. మిగతా పదహారు ఇళ్ళు నిలిచాయి. నోర్బు తూము దించాడు కాబట్టే నిలిచాయి. దిగివచ్చే టైము అతనికి దక్కలేదు. అతను నాలుగో రోజున దొరికాడు.

నాయన పక్క గట్టు నుంచి దిగివచ్చి, నోర్బు దొరికేదాకా రాళ్ళు తవ్వుతూనే ఉన్నాడు. ఎవరు వద్దన్నా వినలేదు. ఊరి కింద ఒక కొత్త రాళ్ళ కట్ట లేచింది. ఏరు దాని పక్కనుంచి వేరే దారి వెతుక్కుంది. వారంలో లోయ మొహం మారిపోయింది.

వేదాచలం గారు ఎనిమిదో రోజు వచ్చారు. మా రేకుల షెడ్డులో నా ఎదురుగా కూర్చొని, చదవమని కాగితం ఇచ్చారు. "డ్రిల్లింగ్ సిబ్బంది లిఖిత సూచనను ఉల్లంఘించి బోరులోకి గాలి పంపడం ప్రమాదానికి కారణం." కింద నా సంతకానికి చోటు.

"ఇందులో అబద్ధం ఉందా వన్నూరమ్మా?"

లేదు. అదే తిప్పలు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"మీ నాన్నగారికి ఏమీ కాకుండా నేను చూసుకుంటాను. చదువుకోని మనిషి, తెలియక చేశారు అంటాం. వచ్చే నెల పదకొండు చోట్ల పని మొదలవుతుంది. వాటి కింద రెండు వందల ఊళ్ళున్నాయి. వాటిని ఎవరు కాపాడతారు?" ఆయన మనసులో కపటం లేదు. ఆ రెండు వందల ఊళ్ళ కోసమే అడుగుతున్నారు.

మూల కూర్చున్న నాయన లేచి వచ్చాడు. "నా పేరు రాయి పాపా. నేను చేసిందే గదా. నేను బోర్లేసేవాణ్ణి, నాకు పోయేదేముండాది? నీ పని నిలబడనీ."

మింగలేక కక్కలేక మూడు రోజులు గడువు అడిగాను. ఆ మూడు రోజులూ పాత కొలతలన్నీ ముందేసుకొని కూర్చున్నాను. రెండు ఎండాకాలాల్లో తూము దగ్గర తగ్గిన నీళ్ళెన్నో లెక్క కట్టాను. నలభై ఒకటో మేకు దగ్గర బయటపడిన నీళ్ళెన్నో కట్టాను. రెండూ దాదాపు ఒక్కటే. మంచు కరగడం తగ్గలేదు. నా మేకులు అడుగు రాతి మీద గడ్డకట్టించిన పొర ఆనకట్ట అయి కూర్చుంది. పోవాల్సిన నీళ్ళు దాని వెనక, ఎవరికీ కనపడకుండా, రెండేళ్ళుగా నిలుస్తూ వచ్చాయి. అది గుంట కాదు, చెరువు. నాయన మూసేసి ఉంటే వచ్చే ఏడో ఆపైదో ఇంకా నిండి దానంతట అదే పగిలేది. అప్పుడు ముందుగా ఎవరి గొంతూ వాకీటాకీలో వచ్చేది కాదు.

నాయనకు చెప్పాను.

"అంటే నేను చేసింది తప్పు కాదంటావా?"

"తప్పే నాయనా. కానీ నీళ్ళు నిలబెట్టింది నేను. నువ్వు అడిగినావు, నీళ్ళు యాడికి పోతాండాయని. నేను నవ్వితి."

ఊరట పడతాడనుకున్నాను. కోపం వచ్చింది ఆయనకు. "నా తప్పు నాకుండనీ. నీరుగంటి సచ్చిపోయినాక నీకెంత నాకెంత అని పాలు పంచుకుంటామా?" అని బయటికి పోయాడు. గంట తర్వాత తిరిగివచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఆ పదకొండు చోట్లా ఇవే మేకులా?"

"ఇవే."

"యాడైనా ఇట్లే నీళ్ళు నిలుస్తాయా?"

"నిలుస్తాయి."

"అయితే ఉన్నదున్నట్టు రాయి," అన్నాడు.

రాశాను. మేకుల సంగతి రాశాను, నా నవ్వు సంగతి రాశాను, సాయంత్రం దాకా ఉందన్న మాటా రాశాను. వేదాచలం గారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ చేత్తోనే నీ పనిని చంపుకున్నావు," అన్నారు. అవునన్నాను. ఆ సాయంత్రం వెళ్ళేముందు గోడ మీది కాగితం తీసేయమని హైదరాబాదుకు ఆయనే ఫోను చేశారు.

పట్టు వదలని మేకులు ముప్పై ఇంకా మంచులో ఉన్నాయి. కింది నుంచి ఒక్కొక్కటే పీకి అడుగు నీటికి దారి ఇవ్వాలి. ఇక బోరు ముట్టనని నాయన ఒట్టు పెట్టుకున్నాడు కానీ, ఇది మూసిన దాన్ని తెరిచే పని కదా అని దిగాడు. నోర్బు పోయిన పంతొమ్మిదో రోజు పొద్దున నేను యాంగ్జోమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఇల్లు పోయిన ఏడింటిలో ఒకటి. ఎదుటి వాలు మీద బంధువుల ఇంట్లో ఉంటోంది. వాకిట్లో బార్లీ చెరుగుతోంది. కూర్చోమనలేదు.

"మీ నాయన మొన్న వచ్చాడు," అంది చేట ఆపకుండా. "తన చేత్తోనే చంపానన్నాడు. ఆయన హిందీ నాకు సగం అర్థం కాదు. ఏడుపు అర్థమైంది."

"తప్పు ఆయనది కాదమ్మా. మేకులు నావి. నీళ్ళు నిలిచింది వాటి వల్లే. సాయంత్రం దాకా టైముందని చెప్పిందీ నేనే."

"తెలుసు. నేను గుమ్మంలోనే ఉన్నాను."

చేట కింద పెట్టింది. మొదటిసారి నా మొహం చూసింది.

"మేకులూ నీళ్ళూ నాకు తెలియవు బేటీ. ఆ మాట ఒక్కటే తెలుసు. నువ్వెప్పుడొచ్చి చెప్తావా అని పంతొమ్మిది రోజులుగా చూస్తున్నాను. ముందు మీ నాయన వచ్చాడు. ఇవాళ నువ్వొచ్చావు."

క్షమించమని అడగాలని వచ్చాను. అడగలేదు. అడిగితే ఆవిడ మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది.

"ఎల్లుండి ఇరవై ఒకటో రోజు," అంది. "లామా వస్తాడు. తమ్ముడి పేరున ఊరికి అన్నం పెడుతున్నాం. మీ నాయనను రమ్మని చెప్పు. నా తమ్ముడికి ఆయన స్నేహితుడు."

తల ఊపి వచ్చేశాను. ఇంకేదైనా అంటుందేమోనని మలుపు దాకా నెమ్మదిగా నడిచాను. చేట చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఇరవై ఒకటో రోజు నాయన పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఆ చలిలో పంచె ఏమిటన్నా వినలేదు. షెడ్డు బయట నిలబడి నా కోసం చూశాడు. నేను ఆ రోజు పీకాల్సిన మేకుల పట్టీ రాసుకుంటున్నాను.

"టైమైతాండాది పాపా. నువ్వు రావా?"

"నన్ను పిలవలేదు నాయనా."

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకొని, ఒక్కడే వాలు ఎక్కడం మొదలుపెట్టాడు.